బైబిల్ కోడ్ నిజమేనా? బాబాయి పంపిన వీడియో చూసి బుర్ర తిరిగింది

బాపట్ల_కిరణ్
అందరికీ నమస్తే. మా బాబాయి ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు, అప్పట్నుంచి ఇంట్లో ఇదే గొడవ. హీబ్రూ బైబిల్లో మొదటి ఐదు కాండాలు తీసుకుని, ఖాళీలు లేకుండా అక్షరాలన్నీ ఒకే వరుసలో పేర్చి, 4,772 అక్షరాలకు ఒకటి చొప్పున ఏరుకుంటూ పోతే ఇజ్రాయెల్ ప్రధాని ఇత్జాక్ రాబిన్ పేరు వస్తుందట. ఆ అక్షరాల్ని గడుల పట్టికలా పేర్చి చూస్తే దాన్ని అడ్డంగా కోస్తూ "హత్య చేయబోయే హంతకుడు" అని ఒక మాట ఉందట. రాబిన్‌ని 1995 నవంబరు 4న టెల్ అవీవ్‌లో కాల్చి చంపారు. దీని మీద పుస్తకం రాసిన మైకేల్ డ్రోస్నిన్ అనే అమెరికా విలేఖరి 1994 సెప్టెంబరులోనే హెచ్చరిస్తూ ఉత్తరం పంపాడని వీడియోలో చూపించారు.

నేను చర్చికి వెళ్ళే ఇంట్లోనే పుట్టాను, నమ్మకం లేనివాణ్ణి కాదు. కానీ చదివింది ఇంజనీరింగ్, ఎక్కడో మనసు ఒప్పుకోవట్లేదు. అలాగని కొట్టిపారేయడానికి కారణమూ దొరకట్లేదు. హీబ్రూ తెలిసినవాళ్ళు, లెక్కలు తెలిసినవాళ్ళు చెప్పండి. వెక్కిరించేవాళ్ళు దయచేసి వద్దు, ఇది మా అమ్మ కూడా చదువుతుంది.

రాత్రిషిఫ్ట్
మా వైపు కాలజ్ఞానంలో కూడా అన్నీ ముందే ఉంటాయి. కాకపోతే జరిగిన మర్నాడు వాట్సాప్‌లో బయటపడతాయి. అమ్మగారికి నమస్కారాలు, ఇంతకంటే వెక్కిరించను.

లెక్కలమాస్టారు
కిరణ్, ముందు ఆ 4,772 సంగతి చూద్దాం. తోరా, అంటే ఆ ఐదు కాండాలూ కలిపి, మొత్తం 3,04,805 అక్షరాలు. రాబిన్ పేరు హీబ్రూలో ఎనిమిది అక్షరాలు. ఎక్కడైనా మొదలుపెట్టొచ్చు, ఎంత దూరమైనా గెంతొచ్చు, ముందుకీ వెనక్కీ చదవొచ్చు అన్నప్పుడు ఎనిమిది అక్షరాల వరుసలు ఎన్ని వస్తాయో నిన్న రాత్రి కాగితం మీద వేశాను. దాదాపు 1,300 కోట్లు. అంటే 1,300 కోట్ల చిన్న చీటీలు గుట్ట పోసి, అందులో మనకు నచ్చింది ఒకటి తీసి, చూశారా ఇది ఎలా వచ్చిందో అంటున్నాం. ఆ పేరులో మొదటి అక్షరానికీ చివరి అక్షరానికీ మధ్య దూరం 33,404 అక్షరాలు, అది కూడా గుర్తుపెట్టుకో.

ఇంకోటి. హీబ్రూలో అక్షరాలు 22, మూల గ్రంథంలో అచ్చులు విడిగా రాయరు, హల్లులతోనే పని జరిగిపోతుంది. కాబట్టి ఏ మూడు నాలుగు అక్షరాలు పక్కపక్కన పడ్డా ఏదో ఒక మాటకు దగ్గరగా ఉంటుంది. నా పేరు రవి. హీబ్రూలో రేష్, వావ్, యోద్ అని మూడక్షరాల్లో రాసుకోవచ్చు. ఆదికాండంలో అక్షరాలు 78,064. ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో చూసి లెక్క కడితే, నువ్వు ఏ దూరం చెప్పినా ఆ దూరంలో నా పేరు సగటున అరవైసార్లు పడాలి. పదికి ఒకటి ఏరితే అరవై, పదిహేడుకి ఒకటి ఏరితే ఇంకో అరవై. రిటైరైన లెక్కల టీచరు గురించి దేవుడు అన్నిసార్లు రాశాడంటే మా ఆవిడే నమ్మదు.

సువార్త_శాంతి
మాస్టారూ, మీ లెక్క కాదనను కానీ ఇది మరీ తేలిగ్గా తీసేయడం. ఆ విలేఖరిని పక్కన పెట్టండి, ఆయన కంటే చాలా ముందునుంచే ఇది ఉంది. స్లొవేకియాకు చెందిన వైస్మాండల్ అనే రబ్బీ (యూదు మతగురువు) కంప్యూటర్లు లేని రోజుల్లో చేత్తో లెక్కపెట్టి కనుక్కున్నారు, ఆయన పోయాక 1958లో ఆ రాతలు అచ్చయ్యాయి. ఆదికాండంలో మొట్టమొదటి తావ్ అక్షరం నుంచి 50కి ఒకటి చొప్పున చూస్తే "తోరా" అనే మాట వస్తుంది. నిర్గమకాండంలో కూడా మొదటి తావ్ నుంచి 50కి ఒకటి చొప్పున అదే మాట. సంఖ్యాకాండంలో వెనక్కి తిరిగి వస్తుంది. నాకు ఇది మొదట చెప్పింది మా పాస్టరు గారు, యెషయా 53:10లో 20 అక్షరాల దూరంలో "యేషువ (యేసు) నా పేరు" అని ఉందని కూడా ఆయనే చూపించారు. ఇవన్నీ గాలివాటుగా పడ్డాయంటారా?

సఫ్తా_ఇంట్లో
నేను ఇజ్రాయెల్‌లో ఉంటాను. మాది నిజామాబాద్ వైపు, ఇక్కడ ఒక పెద్దాయన్ని, ఆయన భార్యను చూసుకునే పని. మా తెలంగాణ వాళ్ళు చాలామంది ఇదే పనిలో ఉన్నారు ఇక్కడ. పని కోసం హీబ్రూ మాట్లాడ్డం వచ్చింది, చదవడం పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను.

శాంతి గారు రాసింది చదివి నిన్న మధ్యాహ్నం వాళ్ళు పడుకున్నాక ఆదికాండం మొదటి పేజీ ముందేసుకుని పెన్సిల్‌తో ఒక్కో అక్షరం మీద చుక్క పెట్టుకుంటూ పోయాను. మొదటి మాట "బెరేషీత్", ఆరు అక్షరాలు, ఆరోదే తావ్. అక్కణ్ణుంచి యాభై లెక్కపెడితే 56వ అక్షరం, రెండో వచనంలో "తెహోమ్" అని అగాధ జలానికి వాడిన మాటలోని వావ్. 106వది నాలుగో వచనంలో "చూచెను" అనే క్రియలోని రేష్. 156వది ఐదో వచనంలో "ఎలోహీమ్" లోని హే. తావ్, వావ్, రేష్, హే. తోరా. నిజంగానే ఉంది. మధ్యలో ఒకసారి లెక్క తప్పి మళ్ళీ మొదట్నుంచి పెట్టాను, చివరి హే మీద పెన్సిల్ ఆగినప్పుడు మాత్రం ఒంటి మీద వెంట్రుకలు లేచాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి.

బాపట్ల_కిరణ్
అక్కా, ఇది చదివి అమ్మ చూశావా అంటోంది నన్ను. మాస్టారూ మీరే దిక్కు.

లెక్కలమాస్టారు
నిజామాబాద్ అమ్మాయి చేసిన పని నాకు చాలా నచ్చింది, వీడియో చూసి ఫార్వర్డ్ చేసేవాళ్ళలో పెన్సిల్ పట్టుకునేవాళ్ళు ఎంతమంది?

అది అక్కడ ఉందనడంలో సందేహం లేదు. ఎంత అరుదు అన్నదే ప్రశ్న. వావ్, హే రెండూ హీబ్రూలో తెగ వచ్చే అక్షరాలు, రేష్ కూడా తక్కువేం కాదు. ఆదికాండం మొత్తంలో ఏ దూరం తీసుకున్నా "తోరా" సగటున రెండుసార్లు దొరుకుతుంది. సరిగ్గా ఆ మొదటి తావ్ నుంచే, సరిగ్గా 50 దూరంలోనే పడాలంటే సుమారు రెండు వేలలో ఒకటి. అరుదే, ఒప్పుకుంటాను. కానీ 50 అని ముందు ఎవరన్నారు? 7 అయి ఉంటే సృష్టి వారం అనేవాళ్ళం, 10 అయితే పది ఆజ్ఞలు, 12 అయితే పన్నెండు గోత్రాలు, 40 అయితే అరణ్యంలో నలభై ఏళ్ళు. తోరా అనే మాట బదులు దేవుని పేరో, మోషే పేరో, ఇశ్రాయేలో వచ్చినా ఇదే ఆశ్చర్యం. ఇన్ని తలుపులు తెరిచి పెట్టుకుంటే ఎక్కడో ఒకచోట నుంచి అతిథి రాక తప్పదు.

మిగతా కాండాలు చూడు. లేవీయకాండంలో "తోరా" అలా రాలేదు. అందుకని మాట మార్చారు, దూరమూ మార్చారు, దేవుని నామం వస్తుంది చూడండి అన్నారు. ద్వితీయోపదేశకాండంలో 50 కాస్తా 49 అయింది, అదీ మొదటి వచనం నుంచి కాదు, ఐదో వచనం నుంచి, పైగా వెనక్కి. నా క్లాసులో ఎవడైనా ఇలా లెక్క చేస్తే, జవాబు వచ్చేదాకా సూత్రం మారుస్తూ పోయావు నాన్నా అని పక్కన రాసేవాణ్ణి.

సువార్త_శాంతి
సరే, దానికి ఒప్పుకుంటాను అనుకోండి. మరి యూనివర్సిటీ వాళ్ళు చేసినదాని సంగతి? 1994లో స్టాటిస్టికల్ సైన్స్ అనే పత్రికలో వచ్చింది. రాసిన ముగ్గురిలో ఎలియాహు రిప్స్ జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలో గణిత ఆచార్యుడిగా పనిచేసినవాడు. ఆయన అల్లాటప్పా మనిషి కాదు. రీగాలో విద్యార్థిగా ఉన్నప్పుడు, 1969లో, చెకొస్లొవేకియా మీదికి సోవియట్ సైన్యం వెళ్ళినందుకు నిరసనగా ఒంటికి నిప్పంటించుకున్న మనిషి. అలాంటాయన డబ్బు కోసమో పేరు కోసమో అబద్ధం రాస్తాడంటే నమ్మను.

గణాంకాల_సుధ
శాంతి గారూ, రిప్స్ అబద్ధం రాశాడని ఎవరూ అనక్కర్లేదు. ఈ చర్చలో అసలు విషయం మీరు ఇప్పుడు ఎత్తారు. నేను క్లినికల్ ట్రయల్స్ డేటా మీద పని చేస్తాను, మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళకు ఈ పేపరు కథ చెప్తుంటాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

విట్జ్‌టమ్, రిప్స్, రోసెన్‌బర్గ్ చేసింది ఇది. పాతకాలపు ప్రసిద్ధ రబ్బీల జాబితా ఒకటి తీసుకున్నారు. మొదట 34 మందితో చేస్తే, కొత్త జాబితా మీద కూడా చేసి చూపించండి అన్నారు పత్రిక తరఫున పేపరు చూసే పరిశీలకులు. అప్పుడు ఇంకో 32 మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరి పేర్లు, పుట్టిన లేదా చనిపోయిన తేదీ (యూదుల క్యాలెండర్‌లో రోజు, నెల) ఆదికాండంలో సమాన దూరపు అక్షరాలుగా వెతికి, ఎవరి పేరు వాళ్ళ తేదీకి దగ్గరగా పడుతోందా అని కొలిచారు. తర్వాత తేదీలన్నీ పేకముక్కల్లా కలిపేసి, ఒకరి తేదీ ఇంకొకరికి అంటగట్టి 9,99,999 సార్లు మళ్ళీ కొలిచారు. నాలుగు రకాల కొలతలు వాడితే వాటిలో ఒకదాని ప్రకారం అసలు జాబితా నాలుగో స్థానంలో నిలిచింది, పది లక్షల్లో! నాలుగు కొలతలు కాబట్టి నాలుగుతో హెచ్చవేసి, ఇది గాలివాటుగా జరిగే అవకాశం పది లక్షల్లో 16 అని తేల్చారు. పత్రిక సంపాదకుడు రాబర్ట్ కాస్ కూడా ఇది నిజమని వేయలేదు, పరిశీలకులకు అంతుబట్టలేదు, పాఠకులకు ఒక పజిల్‌గా ఇస్తున్నాం అనే వేశాడు. ఆ ముక్క వీడియోల్లో ఎప్పుడూ రాదు.

అయిదేళ్ళకు, 1999లో, అదే పత్రికలో జవాబు వచ్చింది. బ్రెండన్ మెక్‌కే, బార్ నాతాన్, మాయా బార్ హిల్లెల్, గిల్ కలై. మెక్‌కే ఆస్ట్రేలియా ఆయన, మిగతా ముగ్గురూ అప్పట్లో రిప్స్ పనిచేసిన హీబ్రూ విశ్వవిద్యాలయం వాళ్ళే. వాళ్ళు పట్టుకున్నది పేర్ల దగ్గర.

మనవాళ్ళతోనే చెప్తాను. ఎన్టీఆర్ పేరు వెతకాలి అనుకోండి. ఎన్టీఆర్ అని వెతకాలా, ఎన్.టి. రామారావు అనా, నందమూరి తారక రామారావు అనా, తారక రామారావు అనా, అన్నగారు అనా? పోతన అయితే బమ్మెర పోతన, పోతన్న, పోతరాజు, పోతనామాత్యుడు. పాత రబ్బీలకు ఇంతకంటే ఎక్కువ. సొంత పేరుంటుంది, రాసిన గ్రంథం పేరుతో పిలుస్తారు, పొడి అక్షరాలు కలిపి పిలుస్తారు. ఒకే పేరును వావ్ వేసి రాయొచ్చు, వేయకుండా రాయొచ్చు. తేదీని కూడా మూడు రకాలుగా రాశారు. ఇందులో ఏవి తీసుకోవాలి, ఏవి వదలాలి అన్నది బార్ ఇలాన్ విశ్వవిద్యాలయం పండితుడు ఒకాయన చెప్పాడు. ఆయన తీసుకున్నవి తప్పు కాదు. వదిలేసినవి తీసుకున్నా తప్పు కాదు. అదే ఇబ్బంది.

మెక్‌కే బృందం ఆ పేర్ల జాబితాలో కొన్ని తీసి కొన్ని చేర్చి, టాల్‌స్టాయ్ వార్ అండ్ పీస్ హీబ్రూ అనువాదం తీసుకుని, మొదట్నుంచి సరిగ్గా ఆదికాండమంత పొడవు కత్తిరించి పరీక్షించింది. అందులో కూడా అంతే గొప్ప ఫలితం వచ్చింది! అదే జాబితా ఆదికాండంలో పెడితే ఏమీ రాలేదు. ఇప్పుడు రష్యా యుద్ధం కథలో దేవుడు రబ్బీల పుట్టినరోజులు దాచాడనాలా?

మా ఆఫీసులో అందుకే ట్రయల్ మొదలవకముందే ఏం కొలుస్తామో రాసి తాళం వేసేస్తాం. తర్వాత ఒక్క పేషెంటును జాబితాలోంచి తీయాలన్నా చచ్చేంత టెన్షన్.

రాత్రిషిఫ్ట్
డ్రోస్నిన్ సంగతి ఇంకా మజాగా ఉంటుంది, అది నేను చెప్తా. 1997లో పుస్తకం వచ్చాక విమర్శకుల మీద మండిపడి, మోబీ డిక్‌లో ఒక ప్రధానమంత్రి హత్య గురించి కోడ్ చూపించండి, అప్పుడు నమ్ముతా అన్నాడు. ఎక్కడో తిమింగలాన్ని వేటాడే నావికుడి నవల, 1851 నాటిది. మెక్‌కే వెతికాడు. దొరికింది ఎవరనుకుంటున్నారు? మన ఇందిరా గాంధీ. ఐ గాంధీ అని అక్షరాలు పడ్డాయి, దాన్ని కోస్తూ "నెత్తుటి పని" అనే అర్థం వచ్చే మాట. తర్వాత లింకన్, కెనెడీ, మార్టిన్ లూథర్ కింగ్, ట్రాట్స్కీ, రాబిన్ కూడా. ఇంగ్లీషులో అచ్చులు కూడా రాస్తారు కాబట్టి హీబ్రూ కంటే కష్టం, అయినా దొరికాయి.

రిప్స్ కూడా ఆ పుస్తకంతో నాకు సంబంధం లేదు, భవిష్యత్తు చెప్పడానికి ఇది పనికిరాదు అని ప్రకటన ఇచ్చాడు. డ్రోస్నిన్ మాత్రం 2002లో రెండో పుస్తకం రాసి 2006లో అణు విధ్వంసం అన్నాడు. 2006లో నేను డిగ్రీ ఫస్టియర్, బాగానే గడిచింది.

బాపట్ల_కిరణ్
మరి "హత్య చేయబోయే హంతకుడు" అనే మాటో? అది అసలు గ్రంథంలో ఉన్నదే కదా, గెంతి ఏరింది కాదు.

సఫ్తా_ఇంట్లో
అది ద్వితీయోపదేశకాండం 4:42, తమ్ముడూ. మీ ఇంట్లో తెలుగు బైబిల్ తీసి చూడు. పగ లేకుండా, పొరపాటున పొరుగువాణ్ణి చంపినవాడు పారిపోయి ప్రాణం దక్కించుకోవడానికి మోషే యొర్దాను ఇవతల మూడు పట్టణాలు ఏర్పరచిన సందర్భం. అంటే అక్కడ మాట్లాడేది కావాలని చంపినవాడి గురించి కాదు, తెలియక చంపి ఆశ్రయం కోరేవాడి గురించి. ముందూ వెనకా తెగ్గొట్టి మధ్యలో మాటలు పట్టుకుంటే హంతకుడయ్యాడు. నేను ఇది మా పెద్దాయనకు చెప్తే ఆయన కోడ్ గురించి ఏమీ అనలేదు, ఆ మూడు పట్టణాల పేర్లు గడగడా అప్పజెప్పాడు: బేసెరు, రామోతు, గోలాను.

మేచకల్యాణి
నేను సంగీతం టీచర్‌ని. మన దగ్గర కటపయాది ఉంది కదా, అక్షరాల్లో అంకెలు దాచేది. ధీరశంకరాభరణంలో ధ 9, ర 2, తిప్పి చదివితే 29, అదే మేళకర్త సంఖ్య, అంటే మూల రాగాల పట్టికలో దాని వరుస సంఖ్య. మేచకల్యాణి మ 5, చ 6, తిప్పితే 65. మహాభారతానికి జయ అని పేరు, జ 8, య 1, తిప్పితే 18, పద్దెనిమిది పర్వాలు. నిన్న వెతుకుతుంటే తెలిసింది, హీబ్రూలో "ఖాయ్" అంటే జీవం, హెత్ 8, యోద్ 10, కలిపితే 18! వాళ్ళు కానుకలు కూడా 18, 36 ఇలా ఇస్తారట. చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను.

గణాంకాల_సుధ
ఖాయ్ సంగతి నిజమే. కానీ మీరు 18 దగ్గర ఎందుకు ఆగారు? కలిసింది కాబట్టి. 29కి, 65కి హీబ్రూలో ఏం వస్తుందో చూశారా?

ఇందులో ఒక తేడా ఉంది, నాకు అదే ఆసక్తి. శంకరాభరణానికి ముందు "ధీర" అని తగిలించింది 29 రావాలనే. కల్యాణికి "మేచ" తగిలించింది 65 రావాలనే. పెట్టినవాడికి తెలుసు, చదివేవాడికీ పద్ధతి ముందే తెలుసు. రాబిన్ పేరులో పెట్టినవాడు ఎవరో తెలియదు, పద్ధతి కూడా పేరు దొరికాకే పుట్టింది.

మేచకల్యాణి
చూడలేదండీ. నిజమే, 18 కలవగానే ఆపేశాను 🙂

సువార్త_శాంతి
సుధ గారూ, పేర్ల జాబితా విషయం నాకు తెలియదు, మళ్ళీ చదువుతాను. అయితే ఒక్కటి. పవిత్ర గ్రంథంలో ఒక్క అక్షరం కూడా మారలేదు కాబట్టే ఇలాంటివి నిలుస్తాయని మా పాస్టరు గారు అనేవారు. అది కూడా తప్పేనా?

లెక్కలమాస్టారు
అమ్మా, ఆ లేఖకుల జాగ్రత్తకు నేనూ దండం పెడతాను. యెమెన్ యూదుల తోరా చుట్టలకూ మిగతావాళ్ళ చుట్టలకూ తేడా తొమ్మిది అక్షరాలే. మూడు లక్షల పైచిలుకులో తొమ్మిది! అయినా కోడ్‌కి ఆ తొమ్మిదీ ఎక్కువే. ఏరే రెండు అక్షరాల మధ్యలో ఎక్కడైనా ఒక్క వావ్ జారిపోతే అక్కణ్ణుంచి వరుసంతా ఒక గడి జరిగిపోతుంది. రాబిన్ పేరు 33,404 అక్షరాల మేర పరుచుకుని ఉంది. మృత సముద్రం దగ్గర గుహల్లో దొరికిన పాత రాతచుట్టల్లో చూస్తే వావ్, యోద్ వేయడం వేయకపోవడం ఇంకా ఎక్కువ. చదివితే అర్థం ఏమీ మారదు, లెక్కపెడితే మాత్రం మొత్తం మారిపోతుంది.

సఫ్తా_ఇంట్లో
శాంతి గారూ, మీరు బాధపడకండి. నాకు పెద్దాయన ఒకటి చూపించాడు, అది వింటే మీకు సంతోషంగా ఉంటుంది. బైబిల్లో నిజమైన కోడ్ ఉంది, గెంతక్కర్లేదు. యిర్మీయా 25:26లో వరసగా రాజుల పేర్లు చెప్పి, చివర "షేషకు రాజు" అంటాడు. షేషకు అనే దేశం ఎక్కడా లేదు. హీబ్రూ అక్షరమాలను మొదటిది చివరిదిగా, రెండోది చివర్నుంచి రెండోదిగా తిప్పి పెడితే, దీన్ని అత్‌బాష్ అంటారు, షీన్ స్థానంలో బేత్ వస్తుంది, కాఫ్ స్థానంలో లామెద్ వస్తుంది. షీన్ షీన్ కాఫ్ అంటే బేత్ బేత్ లామెద్. బాబెల్. బబులోను! ఊహ అనుకుంటారేమో, 51:41 చూడండి, షేషకు పట్టబడింది అన్న నోటితోనే అదే వచనంలో బబులోను అని పేరు పెట్టి చెప్తాడు. తాళం పక్కనే తాళం చెవి.

ఇంకోటి మన తెలుగు బైబిల్లో కళ్ళ ముందే ఉంటుంది. 119వ కీర్తనలో ఎనిమిది వచనాలకు ఒకసారి ఆలెఫ్, బేత్, గీమెల్ అని పైన రాసి ఉంటుంది కదా. చిన్నప్పుడు మా సండే స్కూల్లో అవి ఎవరి పేర్లో అనుకునేదాన్ని. అక్షరాల పేర్లు. ఆలెఫ్ కింద ఎనిమిది వచనాలూ ఆలెఫ్‌తోనే మొదలవుతాయి, బేత్ కింద బేత్‌తో. 22 అక్షరాలు, ఎనిమిదేసి, మొత్తం 176. తెలుగులోకి వచ్చేసరికి ఆ అందం పోయి పైన పేర్లు మాత్రం మిగిలాయి. 145వ కీర్తన కూడా అంతే, ఒక్కో అక్షరానికి ఒక్కో వచనం. కానీ 22 ఉండాల్సిన చోట 21 ఉన్నాయి. నూన్ లేదు. మృత సముద్రం దగ్గర పదకొండో గుహలో దొరికిన చుట్టలో మాత్రం నూన్‌తో మొదలయ్యే వాక్యం ఉంది, దేవుడు తన మాటల్లో నమ్మదగినవాడు అని.

రాత్రిషిఫ్ట్
అక్కా, నమ్మదగినవాడు అన్న వాక్యమే తప్పిపోయిందా. దీని మీద వీడియో చేయకండి, మా గ్రూపులోకి వచ్చేస్తుంది.

బాపట్ల_కిరణ్
అందరికీ థాంక్స్. ఇప్పుడే అమ్మా నేనూ కూర్చుని చూశాం. అమ్మ బైబిల్ చాలా పాతది, 119వ కీర్తన దగ్గర పేజీలు నూనె మరకలతో ఉంటాయి. ఆలెఫ్ పక్కన ఎప్పుడో పెన్సిల్‌తో "ఎవరు?" అని రాసుకుంది, అడిగితే నవ్వింది. 145 కూడా తీశాం. 13వ వచనం నీ రాజ్యము శాశ్వత రాజ్యము, దాని తర్వాత నేరుగా 14, పడిపోవువారి గురించి. మధ్యలో ఏమీ లేదు. అమ్మ ఆ రెండు వచనాల మధ్య సన్నగా గీత గీసి పక్కన నూన్ అని రాయమంది, తెలుగులోనే రాశాను. బాబాయికి ఈ పేజీ ఫొటో పంపాం, ఇంకా చూడలేదు.